అక్క చేతి తిండి

రొట్టె ముక్క నోట్లో ఉండగానే తమ్ముడు కుర్చీలోంచి పక్కకి ఒరిగి దభీమని నేల మీద పడ్డాడు. అక్క నవ్వింది. నవ్వక ఏం చేస్తుంది? చిన్నప్పటి నుంచీ వాడికదే ఆట. స్నానం తప్పించుకోవాలంటే చచ్చిపోయినట్టు పడుకునేవాడు. బడికి వెళ్ళడం ఇష్టం లేకపోతే కళ్ళు తేలేసి, నాలుక బయటపెట్టి, గుమ్మానికి అడ్డంగా పడి ఉండేవాడు. పెళ్ళయినా ఆ బుద్ధి పోలేదు.

"చాల్లే నాటకం! లే, చల్లారిపోతోంది," అంటూ పొయ్యి దగ్గర నుంచి వచ్చి వాడి అరికాలి మీద వేలితో గీరింది. ఎప్పుడూ ఆ గిలిగింతకే కిసుక్కుమని దొరికిపోయేవాడు. ఈసారి కాలు కదలలేదు. కొయ్యలా బిగుసుకుని ఉంది. వాడి ముఖంలోకి చూసేసరికి దవడ పక్కకి లాగేసి ఉంది. తర్వాత ఒళ్ళంతా కుదుపులు మొదలయ్యాయి. నోటి పక్క నుంచి నురగ, దాంతో పాటు నమలని రొట్టె.

"ఇదిగో! ఇటు రా! తొందరగా రా!"

పెరట్లో పందులకు నీళ్ళు పోస్తున్న భర్త బకెట్టు అక్కడే వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. ఇద్దరూ కలిసి వాణ్ణి పట్టుకున్నారు. పట్టుకున్నారంటే, అక్క వాడి తల ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తూ కూర్చుంది, అతను కాళ్ళ దగ్గర నిలబడి ఏం చెయ్యాలో తెలీక అటూ ఇటూ చూశాడు. కాసేపటికి దానంతట అదే ఆగింది. తమ్ముడు కళ్ళు తెరిచి, "నా రొట్టెవరు తిన్నారు?" అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

ఆ వీధిలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. పిల్లా పెద్దా అందరికీ అక్కే. ఆమె కంటే పెద్దవాళ్ళు కూడా అక్కా అనే పిలిచేవారు. తల్లి పోయేనాటికి తమ్ముడికి నడకైనా సరిగ్గా రాలేదు. తండ్రి కొన్నాళ్ళు ఉన్నా లేనట్టే ఉండి, ఆ తర్వాత నిజంగానే లేకుండా పోయాడు. పెళ్ళి మాట వచ్చినప్పుడల్లా ఆమె ముందే చెప్పేసేది, "నాతో వీడు కూడా వస్తాడు," అని. ఆ మాటకు చాలామంది వెనక్కి తగ్గారు. పందులు పెంచే అతను మాత్రం, "నా దొడ్లో ఇన్ని పిల్లలున్నాయి, ఒకటి ఎక్కువైతే నాకేం బరువు?" అన్నాడు. ఆ ముక్కకే ఆమె అతన్ని చేసుకుంది.

ఇల్లు చిన్నది. వీధి వైపు గదికి ఒక వెడల్పాటి కిటికీ. అక్కడే అక్క వేయించిన మాంసం, రొట్టె, పైన తరిగిన పచ్చి ఉల్లిపాయ కలిపి పొట్లాలు కట్టి అమ్మేది. గది వెనక వంటిల్లు, దాని పక్కన తమ్ముడూ మరదలూ ఉండే గది. ఆ వెనక సన్నటి సందు, సందు చివర పందుల దొడ్డి. దొడ్డి మూలన చెక్కలతో కట్టిన పాయిఖానా. దాని వెనకపక్క చెక్క ఎప్పుడో ఊడిపోయింది. పందులు అక్కడ మూతులు పెట్టి కెలికేవి. బాగుచెయ్యాలి, బాగుచెయ్యాలి అని మొగుడూ పెళ్ళాం అనుకుంటూనే ఉండేవారు.

అక్క వంటకి వీధంతా పడిచచ్చేది. ఆమె గరిటెతో ఉప్పు కొలిచే మనిషి కాదు. ముక్కలు పెనం మీద వేసి, ఇంకా సగం ఎర్రగా ఉండగానే ఒకటి తీసి నోట్లో వేసుకుని నమిలి చూసేది. ఉప్పు చాలకపోతే మరికాస్త వేసి, ఇంకో ముక్క నమిలేది. "రుచి చూడకుండా పెడితే అది వంటా? మందు!" అనేది. భర్త మాత్రం మాంసం ముట్టడు. "పేరు పేరునా తెలిసినవాటిని ఎలా తినమంటావే?" అని రొట్టె, ఉడికించిన దుంపలతో కాలక్షేపం చేసేవాడు.

తమ్ముడు ఎత్తైన భవనాలకు రంగులు వేస్తాడు. నడుముకి తాడు కట్టుకుని, పలక మీద కూర్చుని, గాల్లో వేలాడుతూ పాటలు పాడుకుంటూ గోడలు పూస్తాడు. మరదలు వీధి చివర బట్టల ఉతుకుడు దుకాణంలో ఇస్త్రీ చేస్తుంది. సన్నటి మనిషి, తక్కువ మాట. ముంజేతుల మీద ఎప్పుడూ కాలిన గీతలు. పెళ్ళయి వచ్చిన కొత్తలో ఆమె ఒకసారి వంట చేస్తే తమ్ముడు తిని బాగుందన్నాడు. అక్క ఆ పూట అన్నం సహించక లేచిపోయింది. అంతటితో మరదలు పొయ్యి జోలికి వెళ్ళలేదు.

మూర్ఛ సంగతి పక్క గడపకి తెలియకూడదని అక్క పట్టుబట్టింది. "ఎండదెబ్బ. అంతే. ఎవరైనా అడిగితే ఎండదెబ్బ అను."

"ఆసుపత్రికి తీసుకెళ్దాం వదినా," అంది మరదలు.

"తీసుకెళ్ళి? మూర్ఛరోగి అని ముద్ర వేయించుకొస్తావా? తాడు మీద వేలాడేవాడికి ఆ మాట అంటుకుంటే పనెవడిస్తాడు?"

తమ్ముడు కూడా అక్క మాటకే తలూపాడు. వాడికి భయం వేసింది కానీ, భయం వేసినప్పుడు వాడు ఎప్పుడూ అక్క వైపే చూసేవాడు.

రెండోసారి తాడు మీదే వచ్చింది. పలక తలకిందులై, రంగు డబ్బా కింద పడి, వాడు నడుం తాడుతో గబ్బిలంలా వేలాడాడట. కింద జనం ముందు నవ్వారట, వాడి వేషాలు అందరికీ తెలుసు కాబట్టి. పై అంతస్తు కిటికీలోంచి మేస్త్రీ చెయ్యి చాచి చొక్కా పట్టుకున్నాడు. సాయంత్రం వాణ్ణి ఇంటికి తీసుకొచ్చి దింపుతూ, "నీ తమ్ముడు నాకూ తమ్ముడే అక్కా. కానీ వీణ్ణి మళ్ళీ తాడెక్కించి నేను హంతకుణ్ణి కాలేను," అని వెళ్ళిపోయాడు. తమ్ముడి ఒంటి నిండా నీలం రంగు ఎండిపోయి ఉంది. మరదలు తడిగుడ్డతో తుడుస్తూ కూర్చుంది. తుడుస్తూనే, అక్క వైపు చూడకుండా, "రేపు ఆసుపత్రికి వెళ్తున్నాం," అంది. అడగలేదు, చెప్పింది.

పెద్దాసుపత్రిలో తలకి ఫోటో తీశారు. డాక్టరమ్మ దాన్ని వెలుతురులో పెట్టి చూపించింది. బూడిదరంగు మెదడులో అక్కడక్కడా గుండ్రటి మచ్చలు. ఒక్కోదాని మధ్యలో తెల్లటి చుక్క. చల్లిన గింజల్లా ఉన్నాయి.

"ఇవి పురుగులు," అంది డాక్టరమ్మ. "బద్దెపురుగు పిల్లలు. తలలో తిత్తులు కట్టుకుని ఉన్నాయి."

అక్క భర్త అడిగాడు, "పంది మాంసం తినడం వల్లా అమ్మా?"

"సగమే నిజం. మాంసంలో ఇలాంటి గింజలే ఉంటాయి. అది సరిగ్గా ఉడక్కుండా తిన్నవాళ్ళ పేగుల్లో పురుగు పెరుగుతుంది, మూరలకొద్దీ పొడుగు. వాళ్ళకి పెద్దగా ఏమీ అనిపించదు, తిరుగుతూనే ఉంటారు. కానీ వాళ్ళ మలంలో దాని గుడ్లు వస్తాయి. పంది ఆ మలం తింటే దాని కండలో గింజలు కడతాయి. మనిషి మింగితే మనిషి తలలో కడతాయి. దాన్నుంచి మనకి, మన నుంచి దానికి, అలా తిరుగుతూ ఉంటుంది."

"ఈయన ఆ గుడ్లు ఎలా మింగాడు?" అని మరదలు అడిగింది.

"పురుగున్న మనిషి చేతులు సరిగ్గా కడుక్కోకుండా తిండి పెడితే. వేడి వేడి కూరైతే పర్లేదు, ఉల్లిపాయో దోసకాయో పచ్చిగా తరిగి పెట్టారనుకోండి, గోళ్ళలో ఉన్న గుడ్లు అందులోకి వెళ్తాయి. ఎక్కువగా ఇంట్లోవాళ్ళ నుంచే వస్తుంది. మీలో ఎవరికైనా మలంలో తెల్లగా, చదునుగా, నాడా ముక్కల్లాంటివి కనిపించాయా?"

అక్క చేతులు కొంగు కింద దాచుకుంది.

కనిపించాయి. ఎన్నో ఏళ్ళుగా కనిపిస్తున్నాయి. వేలి గోరంత వెడల్పు, తెల్లగా, మెత్తగా. మొదటిసారి చూసినప్పుడు ఏదో అనుకుని జడుసుకుంది. ఒంట్లో ఏ బాధా లేకపోయేసరికి, ఆడదాని ఒంట్లో సవాలక్ష ఉంటాయిలే అని ఊరుకుంది. అలాంటి మాట ఎవరితో చెప్పుకుంటారు? మొగుడితో కూడా చెప్పలేదు.

డాక్టరమ్మ ముగ్గురి ముఖాలూ చూస్తోంది. భర్త అయోమయంగా తల అడ్డంగా ఊపాడు. మరదలు లేదంది. ఇక మిగిలింది తనే. అక్క నోరు తెరిచింది. తెరిచిన నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"ఊళ్ళోవాళ్ళ మురికి బట్టలన్నీ ముట్టుకుని వచ్చేది నువ్వే కదటే! ఆ చేతులతోనే వాడి పక్కన తిరుగుతావు. నువ్వొచ్చేదాకా వాడికి జలుబు కూడా చెయ్యలేదు!"

గదిలో అందరూ ఆమె వైపు తిరిగారు. మరదలు ముఖంలో రక్తం లేదు. డాక్టరమ్మ, "నిందలు వేసుకోవడానికి కాదమ్మా నేనడిగింది," అంటున్నా అక్క ఆగలేదు. ఆపడం ఆమె చేతిలో లేదు. ఆగితే ఆ నిశ్శబ్దంలో తన కడుపు సంగతి అందరికీ వినపడిపోతుందేమో అన్నట్టు అరిచింది. బయట వసారాలో బల్లల మీద కూర్చున్న రోగులు కూడా తొంగి చూశారు.

మరదలు ఆ సాయంత్రమే పుట్టింటికి వెళ్ళిపోయింది. వెళ్ళేముందు తమ్ముడికి ఇచ్చిన మందుల్ని పొద్దుటివీ మధ్యాహ్నానివీ రాత్రివీ వేరువేరు గిన్నెల్లో సర్ది పెట్టింది. తమ్ముడు గుమ్మం పట్టుకుని, "అక్క ఏదో కంగార్లో అంది, పట్టించుకోకు," అన్నాడు. ఆమె పట్టించుకోకుండా ఉండలేకపోయింది. అక్క వంటింట్లో గోడకి ఆనుకుని నిలబడి అంతా వింది.

ఇంట్లో ఉన్నవాళ్ళంతా పరీక్షకి మలం తెచ్చివ్వాలని మూత డబ్బాలు ఇచ్చారు. అక్క తన డబ్బా కూడా భర్త చేతిలో పెట్టింది.

"నీది రెండింట్లోనూ పెట్టు."

"అదేంటే?"

"నాకు రావట్లేదు. భయానికి గడ్డకట్టుకుపోయింది."

అతను డబ్బా అటూ ఇటూ తిప్పి చూశాడు. "సంసారంలో బరువన్నీ నా మీద వేశావు సరే. ఆఖరికి ఇది కూడా నేనే మొయ్యాలా?" అని నవ్వి పెరట్లోకి వెళ్ళాడు. అనుమానం అనేది అతని ఒంట్లో లేదు. రెండు డబ్బాల్లోనూ ఏమీ లేదని ఆసుపత్రి నుంచి కబురొచ్చింది. "అనుకున్నా, మనింట్లో ఏముంటుంది," అన్నాడు. అక్క తల వంచుకుని గిన్నెలు తోముతూ ఉండిపోయింది.

ఎవరికీ తెలియకుండా దీన్ని తనే వదిలించుకోవాలని ఆమె ఆశ. మందుల దుకాణానికి వెళ్ళి, పక్కన ఎవరూ లేకుండా చూసి, "పిల్లలకి నులిపురుగుల మందు," అని అడిగి తెచ్చుకుని మింగింది. పని చెయ్యలేదు. చేదు కషాయాలు తాగింది, పూటలకి పూటలు పస్తులుంది. మళ్ళీ ఆ తెల్ల ముక్కలే. ఇక చేతుల మీద పడింది. బట్టల సబ్బుతో, బూడిదతో, కొబ్బరి పీచుతో రుద్దింది. గోళ్ళు మాంసం దాకా కత్తిరించుకుంది. వేళ్ళ సందులు పగిలి నెత్తురొచ్చింది. ఆ చేతులతోనే కిటికీ దగ్గర నిలబడి పొట్లాలు కట్టింది. మానేస్తే ఎందుకు మానేశావని అడుగుతారు. ఉల్లిపాయ మాత్రం వెయ్యడం మానేసింది. "ఏంటక్కా, ఉల్లిపాయ కరువొచ్చిందా?" అని ఒకడు ఎగతాళి చేస్తే వాడి మీద విరుచుకుపడి, ఆ వెంటనే లోపలికొచ్చి కూలబడింది. వాడు రోజూ తినేవాడు. వాడి పిల్లలు కూడా తినేవారు.

మందులు మొదలుపెట్టాక తమ్ముడికి నయమవుతుందని అందరూ అనుకున్నారు. నయం కాకపోగా తలనొప్పి పట్టుకుంది. గోడకేసి కొట్టుకునేంత నొప్పి. తాగిన నీళ్ళు కూడా కక్కేశాడు. మళ్ళీ ఆసుపత్రిలో చేర్చారు. తలలో పురుగులు చస్తున్నప్పుడు చుట్టూ వాస్తుందని, వాపు తగ్గడానికి సూదులు వేస్తున్నామని, ఓపిక పట్టాలని డాక్టరమ్మ చెప్పింది. "చూపు మీద దెబ్బ పడకుండా చూస్తున్నాం," అని కూడా అంది. పడదని అనలేదు.

అక్క మంచం పక్కన కూర్చుంటే తమ్ముడు కళ్ళు చికిలించి చూశాడు. "ఇద్దరు కనిపిస్తున్నారే! ఒక్క అక్కనే తట్టుకోలేక చస్తున్నాను, దేవుడు రెండోదాన్ని కూడా పంపాడు," అని నవ్వబోయి, నొప్పికి ముఖం ముడుచుకున్నాడు. అక్క కొంగు నోట్లో కుక్కుకుని వసారాలోకి వెళ్ళిపోయింది. చెప్పెయ్యాలి అనుకుంది. చెప్పెయ్యడానికే లోపలికి తిరిగొచ్చింది. వాడు ఆమె చెయ్యి వెతుక్కుని పట్టుకుని, "నువ్వుంటే నాకు భయం లేదక్కా," అన్నాడు. ఆ మాట తర్వాత ఇంకేం చెబుతుంది? వాణ్ణి పెంచిన చెయ్యి ఇదేనని వీధంతా అంటుంది. వాడి తలలో పురుగులు నాటిన చెయ్యి కూడా ఇదేనని తన నోటితో తను ఎలా అంటుంది? ఏదైనా జరిగి తను చచ్చిపోతే బాగుండునని మొదటిసారి అనిపించింది. చస్తే వీడికి వండేదెవరని పాత అలవాటుగా ఇంకో ఆలోచన వచ్చింది. ఆమె తన చేతుల వైపు చూసుకుని అక్కడే వాంతి చేసుకుంది.

కబురు తెలిసి మరదలు వచ్చేసింది. ఎవరూ పిలవలేదు. దుకాణం నుంచి నేరుగా వచ్చినట్టుంది, చీరకి గంజి వాసన. అక్కని చూసి పలకరింపుగా తల ఊపి, భర్త పక్కన కూర్చుని తడిగుడ్డ తీసుకుంది. డాక్టరమ్మ వచ్చి, "ఈవిడ పుట్టింటికి వెళ్ళిన మర్నాడే తనంతట తను వచ్చి పరీక్ష చేయించుకుందమ్మా. ఈవిడలో ఏమీ లేదు. మీ ఇద్దరి డబ్బాల్లోనూ ఏమీ లేదు. మరి ఇతను ఇంకెక్కడ తింటున్నాడో కాస్త ఆలోచించి చెప్పండి," అంది.

"ఇంకెక్కడా తినడండీ," అన్నాడు అక్క భర్త. "వీడికి వాళ్ళక్క చెయ్యి తప్ప లోకం తెలీదు."

డాక్టరమ్మ ఏదో రాసుకుని పక్క మంచానికి వెళ్ళింది.

మధ్యాహ్నం భోజనాల వేళ. తమ్ముడు ఆసుపత్రి తిండి ముట్టలేదు. రెండ్రోజులుగా ఏమీ లోపలికి పోలేదు. అక్క ఇంటి నుంచి క్యారియర్ తెచ్చింది. తేకూడదనుకుంటూనే తెచ్చింది. వాడు అడిగాడని, వాడికిష్టమని, బాగా కడుక్కున్నానని తనకు తను చెప్పుకుంటూ దోసకాయ చక్రాలు కూడా తరిగి పెట్టింది. తీరా వచ్చాక మూత తియ్యలేక మంచం కింద పెట్టి కూర్చుంది.

మరదలు వంగి క్యారియర్ బయటికి లాగింది. గిన్నెలు విప్పి పళ్ళెంలో రొట్టె పెట్టి, పక్కన దోసకాయ చక్రాలు పేర్చింది. "వదిన చేసి తెచ్చింది, చూడు," అని తమ్ముడి భుజం కింద చెయ్యి వేసి లేపింది. అక్క వైపు తిరిగి, "మీ చేతి తిండైతే ఇంకో రెండు ముక్కలు తింటాడు వదినా. నేను పెడితే తినడు. మీరే పెట్టండి," అని పళ్ళెం అందించింది. ఆ గొంతులో దెప్పిపొడుపు లేదు. మొగుడు ఏదో ఒకటి తింటే చాలన్న ఆత్రం తప్ప ఇంకేమీ లేదు.

అక్క పళ్ళెం అందుకోలేదు. తమ్ముడే చెయ్యి చాచి, రెండుగా కనిపిస్తున్న చక్రాల్లో ఒకదాన్ని తడుముకుని తీసుకుని నోటి దాకా తెచ్చుకున్నాడు.

"తినకురా!"

ఒక్క విసురుతో వాడి చేతి మీద కొట్టింది. చక్రం ఎగిరిపడింది, పళ్ళెం నేల మీద గిర్రున తిరిగింది. వార్డంతా ఉలిక్కిపడింది.

"తినకు. నేనేరా. నాకే ఉంది ఆ పురుగు. నా కడుపులో ఉంది. ఈ పిల్ల కాదు, నేను." ఆమె మంచం కోడు పట్టుకుని నేల మీద కూలబడింది. "డబ్బాలో నాది పెట్టలేదు. ఆయనది పెట్టించాను. నాకు తెలుసు. ముందే తెలుసు."

"ఆ రెండో డబ్బా..." అన్నాడు ఆమె భర్త.

మరదలు లేచి నిలబడింది. అక్క ఆమె కాళ్ళు పట్టుకోబోయింది. మరదలు కాళ్ళు వెనక్కి తీసుకుంది, కోపంతో కాదు, చటుక్కున, వేడి ఇస్త్రీపెట్టె తగలబోతే తీసుకున్నట్టు. తమ్ముడు ఎటు చూడాలో తెలియని కళ్ళతో అక్క గొంతు వినిపించిన వైపు తిరిగాడు.

"ఎప్పట్నుంచి తెలుసు?"

"డాక్టరమ్మ అడిగిందే, ఆ పూట నుంచి."

"పురుగు నీకు తెలియకుండా వచ్చింది. దానికి నిన్నేమనను," అన్నాడు. "ఈ పిల్లని ఆ మాట తెలిసే అన్నావు కదక్కా."

ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. అక్క ఎంత పిలిచినా తిరగలేదు.

ఆమెకి మందు ఇచ్చారు. ఒకే ఒక్క పూట మింగాల్సిన బిళ్ళలు. అంతే. పురుగు పోయింది. మళ్ళీ పరీక్ష చేసి ఏమీ లేదన్నారు. "ఇంతేనా అమ్మా?" అని అక్క డాక్టరమ్మని పట్టుకుని నిలదీసింది. "వాడక్కడ అంత నరకం పడుతుంటే నాకింతేనా? ఇంకేదైనా ఇవ్వండి. నొప్పెట్టే మందేదైనా ఇవ్వండి." డాక్టరమ్మ ఆమెను కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. చాలా ఏళ్ళుగా కిటికీలోంచి పొట్లాలు అమ్మారు కదా, తిన్నవాళ్ళందరికీ ఈ సంగతి తెలియాలి, తలనొప్పులో మూర్ఛలో ఉన్నవాళ్ళు వచ్చి చూపించుకోవాలి అని మెల్లగా చెప్పింది. "మేమే మనిషిని పంపుతాం. మీరు చెప్పనక్కర్లేదు," అంది. అక్క తల ఊపి వచ్చేసింది.

తమ్ముడు బతికాడు. వాపు తగ్గి, తలనొప్పి తగ్గి, ఇంటికొచ్చాడు, కానీ ఈ ఇంటికి కాదు. మరదలు దుకాణం వెనక ఒక గది అద్దెకి తీసుకుంది. ఎడమ కంటిలో చూపు సగం పోయింది. తాడు ఎక్కడం ఇక జన్మలో లేదు. నేల మీద నిలబడి తలుపులకీ కిటికీ ఊచలకీ రంగులు పూస్తున్నాడు, మూర్ఛ మందులు మింగుతూ. అక్క చూడ్డానికి వెళ్తే రమ్మంటాడు, కుర్చీ చూపిస్తాడు. ముందులా వేళాకోళాలు ఆడడు. మరదలు మంచినీళ్ళిస్తుంది. వదినా అనే పిలుస్తుంది. అంతకుమించి ఒక్క మాట ఉండదు.

భర్త పందుల్ని పరీక్ష చేయిస్తే సగానికి నాలుకల కింద గింజలు తేలాయి. వాటిని కాల్చి పూడ్చారు. పేరు పేరునా తెలిసినవాటిని గోతిలో వేసి వచ్చిన రోజు అతను చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. పెళ్ళాన్ని పల్లెత్తు మాట అనలేదు. పాయిఖానా వెనక చెక్క మాత్రం ఆ రోజే కొట్టాడు, ఒకదాని మీద ఒకటి, ఇక చాలన్నా ఆపకుండా.

ఆసుపత్రి మనిషి వచ్చేదాకా అక్క ఆగలేదు. కిటికీ మూసేసి, వీధి మొదట్నుంచి ఒక్కో గడపా ఎక్కింది. "నా కడుపులో పురుగుండేది. మీరు నా చేతి తిండి తిన్నారు," అని మొదలుపెట్టి అంతా చెప్పింది. ఒకావిడ విన్నంతసేపూ విని తలుపు ముఖం మీద వేసింది. ఒకడు నోరారా తిట్టాడు. ఒక ముసలాయన, "అన్నాళ్ళు కమ్మగా తిన్నాను, ఇప్పుడేం కక్కుతాను," అని నవ్వాడు. ఆ నవ్వు తిట్టు కంటే కష్టంగా తోచింది. ఎదురింటి పిల్లలు ఆమెను చూసి, అక్కా అని పరిగెత్తుకురాబోతే వాళ్ళ తల్లి రెక్క పట్టుకుని లోపలికి లాగేసింది.

చివరికి గుండీలూ దారాలూ అమ్మే కొట్టావిడ దగ్గరికి వచ్చింది. ఆవిడ ఒంటరిది, ఒక కూతురు. ఈడొచ్చిన ఆ పిల్ల బయట కనిపించేది కాదు. కాస్త మందబుద్ధి పిల్ల అని వీధిలో అనుకునేవారు. అక్క గుమ్మంలోనే నిలబడి చెప్పడం మొదలుపెట్టింది. మూర్ఛ అన్న మాట రాగానే కొట్టావిడ చేతిలోని దారపుండ జారిపోయింది. దొర్లుకుంటూ వెళ్ళి గడప దగ్గర ఆగింది. ఆవిడ దాన్ని చూడను కూడా లేదు.

"దానికి వస్తాయి," అంది. "చిన్నప్పుడు లేవు. మధ్యలో వచ్చాయి. ఎవరికీ చెప్పలేదు. నీ పొట్లం అంటే దానికి ప్రాణమని రోజూ తెచ్చి పెట్టేదాన్ని." కూతురున్న గది వైపు చూసి, "నీ వల్లనేనా?" అంది.

"తెలీదు," అంది అక్క. "అయ్యుండొచ్చు."

కొట్టావిడ ఆమెను కొడుతుందేమో అనిపించింది. కొట్టినా బాగుండునని అక్క అనుకుంది. ఆవిడ లోపలికి వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి పక్కన ఒక పిల్ల ఉంది, పొడుగ్గా, పాలిపోయి, వెలుతురుకి కళ్ళు ముడుచుకుంటూ. నుదుటి మీద పాత గాయం మచ్చ. పడినప్పుడు తగిలిందై ఉంటుంది.

"ఏ ఆసుపత్రి?"

"పెద్దాసుపత్రి. నేను తీసుకెళ్తాను," అని అక్క పిల్ల చెయ్యి పట్టుకోబోయింది.

"దాన్ని ముట్టుకోకు," అంది కొట్టావిడ. "ముందు నడువు. దారి చూపించు, చాలు."

అక్క చేతులు వెనక్కి తీసుకుని మెట్లు దిగింది. ఇళ్ళ గుమ్మాల్లో జనం నిలబడి చూస్తున్నారు. వెనక రెండు జతల చెప్పుల చప్పుడు వినిపిస్తోందో లేదో అని మాటిమాటికీ చెవి ఒగ్గుతూ, ఆమె ముందు నడిచింది.